మావకి చెప్పని కప్పు

ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఈ ఒక్క ముక్క పట్టుకునే వేలాడుతున్నాను. మావ అడిగినదానికి నిజమే చెప్పాను, కాకపోతే సగం చెప్పి మిగతా సగం మింగేశాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. చదివి తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, మా ఇంట్లో నేను తినని తిట్లేం కావు.

మాది బొబ్బిలి పక్క పల్లె. నేను పైపు వెల్డర్ని. మా వైపు ఏ వీధిలో చూసినా ఒక వెల్డరో, ఫిట్టరో ఉంటాడు, వాడు ఊళ్లో మాత్రం ఉండడు. అందరూ గల్ఫ్‌కి పోతే నాకు ఉజ్బెకిస్తాన్ రాసిపెట్టి ఉంది. ఆ దేశానికి దక్షిణాన, చుట్టూ పత్తి చేలు, ఊరవతల గ్యాస్ ప్లాంట్లు ఉన్న ఒక పట్నంలో మూడేళ్లు పనిచేశాను. కరోనా వచ్చి పని ఆగిపోతే కంపెనీ అందర్నీ ఇళ్లకి పంపేసింది. నేను వచ్చి కళింగపట్నంలో మావ ఇంట్లో దిగాను. ఊరంతా ఇల్లరికపల్లుడని ఏడిపించింది. ఏడిపించనీ అనుకున్నాను.

మావ నాకు పిల్లనిచ్చిన మావే కాదు, మా అమ్మకి సొంత తమ్ముడు కూడా. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని సముద్రం చూపించిన మనిషి. వాళ్లింట్లో అందరూ సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్లే. ఆయనొక్కడే చదువుకుని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కుదిరి, అక్కడే తల నెరిసి, రిటైరయ్యాక ఊరొచ్చి, వలలు ఆరబెట్టే వీధిలో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. ఖరగ్‌పూర్ నుంచి రెండే తెచ్చుకున్నాడు: పింఛను, ఫుట్‌బాల్ పిచ్చి. వయసులో ఉండగా సెలవు దొరికితే చాలు, లోకల్ ట్రైన్ ఎక్కి కలకత్తా పోయి అక్కడి పాత క్లబ్బు ఆట చూసి వచ్చేవాడట. ఆ క్లబ్బు గెలిచిన రోజు ఇంటికి రొయ్యలు తేవాలి. అత్త వండాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పద్ధతి.

ఆ వేసవిలో రెండో విడత కరోనా అత్తని తీసుకుపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి కూడా తేనివ్వలేదు. ఆవిడ పోయిన నెలకి మా ఆవిడకి నెల తప్పిందని తెలిసింది. ఇంట్లో ఎవరికీ సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. పైగా భయం ఒకటి ఉంది. రెండేళ్ల కిందట నేను ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నప్పుడు మా ఆవిడకి ఆరో నెలలో నొప్పులొచ్చి కాన్పు పోయింది. ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది. ఆ రోజు ఆటోలో పక్కన కూర్చున్నది అత్త. నేను వార్త విన్నది మర్నాడు.

ఇవన్నీ తెలిసీ నేను మళ్లీ వెళ్లాలనే అనుకున్నాను. డబ్బు కోసమని ఊళ్లోవాళ్లు అనుకున్నారు, వాళ్లకి అంతకన్నా తోచదు. నిజం వేరు. ఇక్కడ నాకు దొరికే పని గేట్లు, కిటికీ ఊచలు, కూలర్ స్టాండ్లు. వంకరగా అతికినా మీద రంగు పూస్తే ఎవడూ అడగడు. అక్కడ నేనతికిన ప్రతి జాయింటుకీ ఎక్స్‌రే తీస్తారు. పైన ఎంత నున్నగా ఉన్నా లోపల వెంట్రుకంత సందుంటే ఫిల్ములో బయటపడిపోతుంది. ఆ ఫిల్ము శుభ్రంగా వచ్చిన రోజు నాకు ఆకలి కూడా ఉండదు. గేట్లకి పువ్వులు అతికిస్తూ ఏడాది గడిపేసరికి నాకు నా చేతుల మీదే అసహ్యమేసింది.

ఇక ఆ ఊరి క్లబ్బు సంగతి. మమ్మల్ని క్యాంపు నుంచి ప్లాంటుకి తీసుకెళ్లే బస్సు డ్రైవరు ఒక పెద్దాయన. అక్కడ అన్నని 'అకా' అంటారు, వినడానికి మన అక్కా అన్నట్టే ఉంటుంది, మొదటి వారం ఆ మీసాల మనిషిని అలా పిలవడానికి నాకు నవ్వాగలేదు. వచ్చీరాని హిందీ, రష్యన్, చేతి సైగలు కలిపి ఆయన నాకు చెప్పినదంతా ఆ క్లబ్బు గురించే. సోవియట్ రోజుల ఆఖర్న, ఎనభైల నడుమ అది పుట్టిందట. దేశం విడిపోయాక మెల్లగా పెద్ద లీగ్‌లోకి వచ్చింది. కానీ కప్పులన్నీ రాజధాని క్లబ్బులవే. వీళ్లు ఒక ఏడాది మూడో చోటు, ఇంకో ఏడాది రెండో చోటు, మళ్లీ మూడో చోటు. లీగ్ మాత్రం దక్కదు. "పెళ్లికి తోడెళ్లేవాళ్లం, మాకు పెళ్లవ్వదు," అన్నట్టు ఏదో అన్నాడు ఒకసారి, బస్సంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు. స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి, వేలెత్తి, ఒకటే అన్నాడు. ఆసియా ఖండంలో క్లబ్బులాడే రెండో పెద్ద కప్పు ఒకటుంది. లీగ్ దక్కని ఈ క్లబ్బే ఓ పదేళ్ల కిందట, ఫైనల్ తమ ఊళ్లోనే ఆడి, ఆ కప్పు ఎత్తుకుంది. ఆ దేశంలో అంతవరకు ఏ రాజధాని క్లబ్బుకీ ఆసియా కప్పు రాలేదట, మొదటిది వీళ్లదే. తను ఏ గేటు పక్కన నిలబడ్డాడో, ఆట అయ్యాక ఏ ముక్కూమొహం తెలియనివాణ్ణి కావలించుకుని ఏడ్చాడో, అన్నీ చెప్పేవాడు. ఆ తర్వాత దేశం కప్పు కూడా గెలిచారు. ఇప్పుడైతే లీగ్ కూడా గెలిచేశారు, మొన్నమొన్ననే, మొట్టమొదటిసారి. నేను చెప్తున్న ఆ రోజులకి మాత్రం అది ఇంకా లేదు.

సెలవు రోజు ఆయనతో పాటు స్టేడియానికి పోయేవాణ్ణి. రెండో ఏడాదికి నేనూ వాళ్లతో పాటు గొంతు చించుకునేవాణ్ణి. వీడియో కాల్ చేసినప్పుడల్లా మా ఆవిడకి ఇదే పురాణం. ఆమె ఊళ్లో చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్తుంది, ఒకసారి విన్నది మర్చిపోయే రకం కాదు. "బావా, మరొకసారి సెప్పినావంటే నానే ఆ కప్పు తెచ్చి నీ నెత్తిమీద కొడతాను," అనేది.

ఆ సెప్టెంబరులో రెండూ ఒకే వారంలో వచ్చిపడ్డాయి. ప్లాంటు పని మళ్లీ మొదలైంది, రెండు వారాల్లోగా వస్తానని చెప్తే టికెట్ పంపుతామని కంపెనీ నుంచి ఉత్తరం. అదే ఆసియా కప్పులో ఒక్క ఆటతో తేలిపోయే పోటీకి మావ కలకత్తా క్లబ్బు, నేను పనిచేసిన ఊరి క్లబ్బు మీద ఆడాలని పేపర్లో వార్త. ఆట జరిగేది ఆ ఊళ్లోనే, నేను గొంతు చించుకున్న స్టేడియంలోనే.

ఉత్తరం సంగతి చెప్పగానే మావ అరుగు మీంచి లేవలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒరే, సూడు. మొదటిపాలి నువ్వు లేవు, మీ అత్త ఉన్నాది. ఇప్పుడు మీ అత్త లేదు. నువ్వూ ఎల్లిపోతే, దానికి నొప్పులొస్తే నానేటి సెయ్యాల? రైలుపెట్టెలు బాగుసేసినోణ్ణి, నాకేటి తెలుస్తాది?"

"అమ్మని తెచ్చి ఉంచుతాను మావా."

"మీ అమ్మ మంచం దిగడానికే ఇద్దరు కావాల. అక్కొచ్చి దీన్ని సూస్తాదేటి?"

మాటా మాటా పెరిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీ ఇంట్లో పడి తింటన్నాననేగా అని నోటికొచ్చింది అనేశాను. ఆయన మొహం మాడిపోయింది. అప్పుడు మా ఆవిడ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని కవళ్ల చేపలు శుభ్రం చేస్తోంది. తల ఎత్తలేదు. కత్తిపీట చప్పుడు మాత్రం ఆగింది.

ఆ చప్పుడు ఆగడం ఆయనా విన్నాడు. కూతురి ముందు గొడవ వద్దనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి నవ్వు తెచ్చుకున్నాడు. మావా అల్లుళ్ల మధ్య ఏ తగువైనా చివరికి వేళాకోళంలోకే దిగాలి, అది మా వైపు మర్యాద.

"సర్లే. దేవుడే తేలుస్తాడు. మీ ఊరోళ్లు మా కలకత్తావోళ్ల మీద ఆడతన్నారు గదా. ఆళ్లదేటి టీము? ఎప్పుడైనా ఏటైనా గెలిసినారా?"

ఇక్కడే. బస్సు డ్రైవరు ఎత్తిన వేలు నా కళ్ల ముందు నిలబడింది. నోరు తెరిస్తే మొదట రావలసిన మాట అదే. నేనన్నది వేరు.

"లీగ్ ఒక్కపాలి కూడా గెలవలేదు మావా. ఎప్పుడూ రెండో, మూడో."

మావ తొడ చరిచాడు. ఆయన దృష్టిలో లీగ్ గెలవని జట్టు జట్టే కాదు. అరుగు దిగి, వీధి చివర కనపడే సముద్రం వైపు కుడిచెయ్యి చాచాడు.

"అయితే విను. మావోళ్లు గెలిస్తే పురుడయ్యేదాకా నువ్వు గుమ్మం దాటకూడదు. మీవోళ్లు గెలిస్తే నిన్ను నానే దగ్గరుండి రైలెక్కిస్తాను. గంగమ్మ తోడు."

మా వాళ్లు అమ్మతోడు, దేవుడితోడు రోజుకి పదిసార్లంటారు, దానికి లెక్కా పత్రం లేదు. గంగమ్మ తోడు అలాంటిది కాదు. సముద్రం మీద బతికేవాళ్లు ఊరికే అనరు. అన్నాక నిలబెట్టకపోతే ఆ దెబ్బ ఇంట్లో ఎవరు బలహీనంగా ఉంటే వాళ్ల మీద పడుతుందని నమ్మకం. రైల్వేలో ముప్ఫై ఏళ్లు తిరిగి, ఇంగ్లీషు పేపరు చదివే మనిషి ఒక ఫుట్‌బాల్ ఆట మీద ఆ ఒట్టు వేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన నమ్మకం అంతుంది, గెలుపు తమదేనని. ఆ నమ్మకం నేనిచ్చిందే.

మా ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. మళ్లీ చేపలు కొయ్యడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వారం నేను నరకం చూశాను. మావ పొద్దున్నే లైట్‌హౌస్ దగ్గర టీ బడ్డీకి పోయి, లీగ్ కూడా గెలవని జట్టు మీద తమ వాళ్లు ఎన్ని గోల్స్ వేస్తారో చెప్పి వచ్చేవాడు. "ఇక నా అల్లుడు ఎక్కడికీ ఎల్లడు," అనేవాడు అక్కడ. ఆ మాట చెప్తుంటే ఆయన గొంతు ఎంత తేలిగ్గా ఉండేదంటే, అత్త పోయాక అలా విన్నది అప్పుడే. నాకు తేలు కుట్టిన దొంగ బతుకైంది. చెప్పేద్దామని మూడుసార్లు వెనకాలే నడిచాను. చెప్తే ఏమవుతుంది? ఒట్టు వేసేశాడు కాబట్టి ఒట్టు పోదు, నా పరువు మాత్రం పోతుంది. ఇంకా ఏం చెప్పను, ఒకవేళ మా వాళ్లు ఓడిపోవచ్చు కదా అని కూడా అనుకున్నాను. ఆటలో ఏదైనా జరగొచ్చు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అయితే ఆ స్టేడియంలో ఆ జట్టు ఎలా ఆడుతుందో నాకు తెలుసు.

నాలుగో రోజు మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అడిగింది. "బావా, నాన్నకి ఏటైనా సెప్పాల్సిందేటైనా ఉన్నాదా?"

"ఏటి సెప్పాల?"

"ఏటీ నేదు. ఊరికే అడిగినాను."

ఆట రోజు మధ్యాహ్నమే మావ పడవల దగ్గరికి పోయి రొయ్యలు తెచ్చేశాడు. గెలవకముందు ఎప్పుడూ తేలేదు ఆయన, అత్త ఉంటే తేనిచ్చేది కాదు. రొయ్యలు ఒలిచి, ఉప్పూ పసుపూ రాసి పెట్టారు. ఆట మొదలయ్యే వేళకి మా ఆవిడ పొయ్యి మీద మూకుడు పెట్టింది. మావ టీవీ ముందు చాప వేసుకుని, కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. నేను గోడకి ఆనుకున్నాను. తెర మీద ఆ స్టేడియం కనపడగానే నా గుండె అటు లాగింది, సిగ్గు ఇటు లాగింది.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. బంతి వచ్చి కలకత్తా డిఫెండరుకి తగిలి వాళ్ల గోల్లోకే పోయింది.

"అయ్యయ్యో. మనోడే కొట్టీసినాడు," అన్నాడు మావ. తిట్టలేదు. "పాపం, ఆడేటి సేస్తాడు. కాలికి తగిలీసినాది."

తర్వాత గోరుచుట్టు మీద రోకటిపోటే. రెండోది పడింది. కొంచెం సేపటికే మూడోది. మావ చాపిన కాళ్లు ముడుచుకున్నాడు. నాలుగోది పడినప్పుడు బెంగాలీలో ఏదో గొణిగాడు. వంటింట్లో రొయ్యలు వేగుతున్న వాసన వస్తోంది, ఎవరికీ దాని మీద ధ్యాస లేదు. సగం ఆటకి విరామం ఇచ్చేసరికి ఐదు. నేను రెండేళ్లు మద్దతిచ్చిన జట్టు ఐదు గోల్స్ వేస్తే నాకు ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

విరామంలో టీవీవాడు పాత బొమ్మలు వేశాడు. అదే స్టేడియం, అవే రంగులు, కాగితపు ముక్కల వాన. కెప్టెన్ కప్పు ఎత్తాడు. కింద ఇంగ్లీషులో రాసి ఉంది, ఇదే కప్పు పదేళ్ల కిందటి విజేతలని. మావ కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఇదేట్రా? ఆళ్లు ఇదే కప్పు గెలిసినారట."

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె ఉంది.

"నువ్వెల్లకముందు గదా ఇది," అన్నాడు మావ. తప్పించుకునే దారి ఆయనే వేశాడు. "నీకు తెలీదు గదా?"

నేను తల అడ్డంగా ఊపాను. "తెలీదు మావా."

ఇది మాత్రం అబద్ధమే. మా ఆవిడ గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

రెండో సగంలో ఆరోది పడింది. మావ ఆఖరి విజిల్ దాకా కూర్చుని, లేచి, చాప చుట్టి మూల పెట్టాడు. అన్నం వద్దన్నాడు. స్టూలు వేసుకుని అటక మీంచి నా సూట్‌కేసు దించాడు. తడిగుడ్డ తెచ్చి దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నేను దించుతానని చెయ్యి చాస్తే నా చెయ్యి తోసేశాడు.

వంటింట్లోకి పోయాను. మా ఆవిడ రొయ్యల మూకుడు మీద మూత పెట్టి, పొయ్యి ఆర్పి, గట్టుకి ఆనుకుని ఉంది.

"నాకు తెలుసు గదా బావా," అంది. "ఆ కప్పు సంగతి నాకెన్నిపాల్లు సెప్పినావు?"

నేను తల వంచుకున్నాను.

"వారం రోజులు సూసినాను. ఈ పూట సెప్తాడు, ఆ పూట సెప్తాడు అని. నాలుగో నాడు నానే అడిగినాను. ఈయేళ నాన్నే అడిగినాడు. అప్పుడైనా సెప్తావనుకున్నాను."

"మరి నువ్వెందుకు సెప్పలేదే?"

"నాను సెప్తే నిన్ను కట్టీసినట్టవుతాది. కట్టీసిన మొగుడు నాకెందుకు?" అంది. కడుపు మీద చెయ్యి వేసుకుని, నన్ను పక్కకి జరగమని, వెళ్లి పడుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెల్డింగ్‌లో పైపూ పైపూ కలిసే చోట అన్నిటికన్నా లోపలి వరుసని రూట్ అంటాం. అది సరిగా పట్టకపోతే మీద ఎన్ని వరుసలు పోసినా దండగ, మొత్తం గీకి తీసేసి మళ్లీ మొదటినుంచి అతకాలి. నా కింద పనిచేసిన ఎందరి జాయింట్లు ఇలా గీకించానో, ఎంత గర్వంగా గీకించానో గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది.

పొద్దున్నే అరుగు మీద మావ ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాను. డ్రైవరు చెప్పింది, నాకు తెలిసింది, తెలిసీ మింగింది, రాత్రి చెప్పిన అబద్ధం. ఆయన వింటూ సూట్‌కేసు జిప్పుకి కొవ్వొత్తి రాస్తున్నాడు, తుప్పు వదలడానికి. చెప్పడం అయ్యాక తల ఎత్తాడు.

"నిన్న ఆ డిఫెండరు సొంత గోల్లో కొట్టినాడు. ఆడు కావాలని కొట్టలేదు, తగిలీసినాది. నువ్వు గురిసూసి కొట్టినావు గదరా."

ఇంతకన్నా చెంపమీద కొట్టినా బాగుండేది. "నేనెల్లను మావా. కంపెనీకి రాసీస్తాను. పురుడయ్యేదాకా ఇక్కడే ఉంటాను," అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను, వెళ్లాలనే కోరిక రాత్రికి రాత్రే చచ్చిపోయింది.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కానీ సూట్‌కేసు మళ్లీ అటకెక్కింది, అది నేను చూశాను. ఉండిపొమ్మనే అర్థమని లోలోపల పొంగిపోయాను. ఇల్లలకగానే పండగవుతుందా?

ఆ ఆదివారం తుఫాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. సాయంత్రానికే కరెంటు పోయింది. వెనకవైపు వంటిల్లు మీద రేకు ఎగిరి ఎవరి దొడ్లోనో పడింది. సముద్రం ఇంట్లోకి వచ్చేస్తున్నట్టుంది హోరు. సరిగ్గా అప్పుడే మా ఆవిడకి నొప్పి మొదలైంది. పొత్తికడుపు పట్టుకుని మంచం మీద ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆరో నెల, పోయినసారీ ఇదే నెల. వీధిలో కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది, ఆటో కాదు కదా సైకిలు కూడా పోదు. ఫోన్లో సిగ్నల్ లేదు. నేను ఆమె కాళ్లు రాస్తూ కూర్చున్నాను. ఏం చెయ్యాలో నాకు తెలియదు, నేనున్నా ఒకటే లేకపోయినా ఒకటే అని అప్పుడు తెలిసింది. మావ తలుపుకి వీపు ఆనించి నిలబడి, గాలి తోసినప్పుడల్లా మళ్లీ తోస్తూ, నోట్లో గంగమ్మని పిలుస్తూనే ఉన్నాడు.

గాలి తగ్గాక నొప్పి తగ్గింది. తెల్లారాక ఆస్పత్రికి తీసుకెళ్తే బిడ్డ బాగానే ఉందన్నారు. బడలికని, భయమని ఏదో చెప్పారు. నేను గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయి ఏడ్చాను.

ఇంటికి తిరిగి రాగానే మావ మళ్లీ స్టూలు వేసుకున్నాడు. సూట్‌కేసు దించి నా ముందు పెట్టాడు.

"ఎల్లిపో," అన్నాడు.

"మావా, నిన్న సూసినావు గదా. ఇప్పుడెలాగ ఎల్తాను?"

"నిన్న సూసినాను గాబట్టే సెప్తన్నాను. రైలెక్కిస్తానని సెయ్యి సాపి ఒట్టేసినాను. నాలుగు రోజులైనాది, ఎక్కించలేదు. గంగమ్మ తల్లి గుర్తుసేసినాది. ఇంకోపాలి గుర్తుసేస్తే నా కూతురు తట్టుకోలేదు."

నేను ఎంత వాదించానో. తుఫాను అందరికీ వచ్చింది, మన ఒట్టు కోసం రాలేదన్నాను. పక్కింటివాళ్ల పడవ పగిలింది, వాళ్లేం ఒట్టేశారన్నాను. ఆయన వినలేదు. వినే స్థితిలో లేడు. నా మొండి బుర్రకి ఆశ అంతా మా ఆవిడ మీదే ఉంది, ఆమె ఉండమంటే ఆయనే దిగొస్తాడని. ఆమె మంచం మీంచి చాలాసేపు చూసి, "ఎల్లు బావా," అంది. "నువ్వుంటే నాన్న ప్రతి గాలికీ భయపడతాడు. ఆయన్ని సూసి నాకూ భయమేస్తాది."

వెళ్లడానికి ఒట్టు వేయించుకున్నవాణ్ణి నేనే. ఇప్పుడు ఉండడానికి కాళ్లు పట్టుకున్నా ఎవరూ ఉండనివ్వలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో మావ నా సూట్‌కేసు మోసుకొచ్చి, సీటు కింద పెట్టి, చైను కట్టి దిగాడు. కిటికీ దగ్గరికి రాలేదు. ప్లాట్‌ఫారం మీద కాస్త దూరంగా నిలబడి, రైలు కదిలేదాకా చూశాడు.

అక్కడికి చేరిన కొద్ది వారాలకి ఆ ఊరి క్లబ్బు ఫైనల్ ఆడింది, పరాయి దేశంలో. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. బస్సు డ్రైవరు రెండు రోజులు బస్సులో పాటలు పెట్టలేదు. నేను ఆట ముగిసిన వెంటనే మావకి ఫోన్ చేసి ఓడిపోయారని చెప్పాను. "అలాగా," అని మా ఆవిడకి ఫోన్ ఇచ్చేశాడు. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆయన నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే. నేను మాత్రం ఎవరికో మొక్కు తీర్చుకుంటున్నట్టు రోజూ చేస్తూనే ఉన్నాను. ఎనిమిదో నెల అంది మా ఆవిడ, తర్వాత తొమ్మిదన్నది, తర్వాత కాళ్లకి నీరొచ్చిందన్నది. ప్రతి మాటా విని ఫోన్ పెట్టేసి, మళ్లీ వెల్డింగ్ హోల్డరు పట్టుకునేవాణ్ణి. చెయ్యి వణకకూడదు కాబట్టి వణికేది కాదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, మంచు పడుతుండగా, సగం జాయింటు మీద ఉన్నాను. లోపలి జేబులో ఫోన్ మోగింది. పని మీద ఉన్నప్పుడు ఎత్తకూడదు. మావ పేరు చూసి మాస్కు పైకి తోసి, అన్నీ వదిలేసి ఎత్తాను. ఆయనంతట ఆయన ఫోన్ చెయ్యడం అదే మొదలు. చెడు వార్తే అనుకున్నాను.

"ఒరే," అన్నాడు. వెనక ఆస్పత్రి గోల వినిపిస్తోంది. "ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. నర్సమ్మ ఇప్పుడే బయటికొచ్చి సెప్పినాది, నాను ఇంకా పిల్లని కూడా సూడలేదు. ముందు నీకే సెప్తన్నాను."

"మావా..." అన్నాను.

"తెలిసిన ఎంటనే సెప్పాలరా," అన్నాడు. "ఎంతసేపు పడతాది సెప్పడానికి?"

ఫోన్ పెట్టేశాడు. నేను అక్కడే, ఆ మంచులో, మాస్కు నెత్తి మీద పెట్టుకుని నిలబడిపోయాను.